వేలిముద్ర అడగని ఫోను

అమ్మా హిమబిందూ,

మొన్నమొన్నటిదాకా బ్యాంకులో వేలిముద్ర వేసిన మీ అత్త సొంతంగా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. తప్పులుంటే దిద్దు.

పాత బటన్ల ఫోనులో మాట వినబడడం మానేసింది. కొత్తది కొందామని నిన్న వన్ టౌన్ వెళ్లాను. షాపతను ఒకటి చేతిలో పెట్టి, "ఏలిముద్ర ఎయ్యండమ్మా, అదే తెరుసుకుంటాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏటి బాబూ, నాను సదువు నేర్సుకున్నదాన్ని. ఏలిముద్ర అడగని ఫోను సూపించు" అన్నాను.

అతను నవ్వు ఆపుకుని, చుక్కలు కలిపి గీత గీస్తే తెరుచుకునే ఫోను చూపించాడు. అదే తీసుకున్నాను. వేసవిలో తేలికని నువ్వు నాతో మొదట దిద్దించిన 'గ' గీసి, దాన్నే తాళం చేయించాను.

అతను అడక్కపోయినా, బిల్లు మీద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టి మరీ వచ్చాను.

చదువుకున్న మీ మేనత్త