ఆగే ముందు కుదుపు

నవంబర్ 4
మళ్ళీ కొట్టింది. సుంకరమెట్ట స్పీడ్ బ్రేకర్ దగ్గర. బ్రేకు మీద కాలు పెట్టి కారు నెమ్మది చేస్తున్నాను — ఇంకో రెండు గజాల్లో ఆగుతుందనగా కింద నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపు. వెనక సీట్లో బేరానికెక్కిన పెద్దావిడ చీర మీద కాఫీ ఒలికింది. కొత్తగా నేర్చుకున్నారా అని వాళ్ళబ్బాయి అడిగాడు. కొత్తట. ఈ ఘాట్ రోడ్డు మీద ఇరవై ఆరేళ్ళు బస్సు తిప్పినవాణ్ణి పట్టుకుని. ఒళ్ళు మండింది. తుడుచుకోమని గుడ్డ ఇచ్చి ఊరుకున్నాను.

నవంబర్ 5
పొద్దున్నే ఒక్కణ్ణే బండి తీసుకెళ్ళి చూశాను. మంచు ఇంకా విడలేదు. వేగం పెరిగేటప్పుడు ఏ గొడవా లేదు. తగ్గేటప్పుడే. రెండో గేరు నుంచి ఒకటికి దిగే చోట — ఠక్. క్లచ్ లేని బండి, గేర్లు అదే మార్చుకుంటుంది, నన్ను అడగదు. బస్సయితే నా చేతిలో ఉండేది. ఇక్కడ కూర్చుని వినడం తప్ప చేసేదేముంది?

నవంబర్ 6
ఈ రోజు ఏడుసార్లు.

నవంబర్ 8
భయంగా ఉంది. ఎవరికి చెప్పుకోను, ఈ కాగితానికి తప్ప. ఎడమ మోకాలు నుజ్జయిన రోజే బస్సు ఉద్యోగం పోయింది. ఆ కాలితో క్లచ్ తొక్కలేను. నేను నడపగలిగేది ఇలాంటి బండి ఒక్కటే, అదీ వెతికి వెతికి విశాఖలో పాతది పట్టాను. గేర్ బాక్స్ పోతే బండి పోయినట్టే. బండి పోతే పొద్దున లేచి అరకు స్టేషన్ ముందుకి టాక్సీ బేరాల కోసం వెళ్ళే పనే ఉండదు. వరండాలో కుర్చీ, రేడియో...

నవంబర్ 9
గౌరి మీద అరిచాను. దసరా నుంచి ఆమె ఈ బండి మీదే నేర్చుకుంటోంది, సాయంత్రాలు పద్మాపురం వైపు ఖాళీ రోడ్డులో. నేర్చుకోమన్నది నేనే. షుగర్ వల్ల కుడికాలు కూడా తిమ్మిరెక్కుతోంది, రేపు నేను నడపలేకపోతే మా ఆవిడైనా నడపాలని. వచ్చే నెల మూడున పాడేరులో లైసెన్స్ పరీక్ష. అవన్నీ మరిచిపోయి, నువ్వు పట్టాకే పాడైంది అన్నాను. గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. "బ్రేకు గట్టిగా తొక్కీసినానేమో" అంది. అంతే. ఎదురు తిరిగి ఉంటే బాగుండేది.

నవంబర్ 10
గౌరి తాళం చెవి ముట్టలేదు. సాయంత్రం మేకుకే ఉంది.

నవంబర్ 15
బండి ఎస్.కోటకి దించాను, సింహాచలం షెడ్డుకి. ఇలాంటి గేర్ బాక్సులు తెలిసిన మెకానిక్ ఈ చుట్టుపక్కల అతనొక్కడే. బోల్టు విప్పితే నూనె నల్లగా కారింది, మాడిన వాసన. ఇంకెవరైనా నడుపుతారా అని అడిగాడు. మా ఆవిడ నేర్చుకుంటోంది, అదే కొంప ముంచింది అన్నాను. నవ్వాడు. ఖాళీ రోడ్డులో నేర్చుకుంటే నూనె ఇలా మాడదట. ఘాట్ ఎలా దిగుతారని అడిగాడు. అందరూ దిగినట్టే అన్నాను. నాకు ఘాట్ నేర్పుతాడా వీడు. కొత్త నూనె పోసి పంపాడు.

నవంబర్ 16
రోజంతా వెన్నలా ఆగింది. గాలికొండ దగ్గర వలిసె పూలలో ఫొటోలు దిగే వాళ్ళ కోసం పదిసార్లు ఆపాను, ఒక్కసారి కూడా కుదపలేదు. ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి గౌరితో, చూశావా, నువ్వు ముట్టకపోతే ఎంత బాగుందో అన్నాను. ఎందుకన్నానో తెలియదు. సింహాచలం అన్న మాట మాత్రం చెప్పలేదు.

నవంబర్ 24
బొర్రా జంక్షన్ దగ్గర కొట్టింది. ముందుకంటే గట్టిగా.
పదిహేను రోజులుగా గౌరి స్టీరింగు పట్టలేదు. మరి ఎవరు?

నవంబర్ 27
ఉన్నదున్నట్టు రాస్తాను.
నేను ఫోన్ చేస్తే సింహాచలం పొద్దున బస్సెక్కి అనంతగిరి వచ్చాడు. పక్కన కూర్చుంటాను, మామూలుగా దిగండి అన్నాడు. దిగుతున్నాను. ఊరి సంగతులు, కాఫీ పంట సంగతులు మాట్లాడుకుంటున్నాం. దముకు దాటాక రెండో మలుపులో మెల్లగా అన్నాడు — "గురువుగారూ, మీ ఎడం సెయ్యి సూసుకోండి."
చూశాను. గేరు రాడ్డు మీద ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఎప్పుడు వేశానో నాకు తెలియదు. దేవుడి సాక్షిగా తెలియదు. మలుపు రాగానే అదే చెయ్యి, నేను చెప్పకుండానే, మళ్ళీ డ్రైవ్‌లోకి తోసింది. బండి ఒళ్ళంతా అదిరింది.
ఒగ్గేయడం అనేవాళ్ళం బస్సు రోజుల్లో. పల్లం రాగానే గేరు తీసేసి బండిని కొండకి వదిలేయడం. తప్పే. ప్రమాదమే. పైవాళ్ళు వద్దని తిట్టేవారు, డీజిల్ మిగిల్చినవాళ్ళ పేర్లు డిపోలో బోర్డు మీద రాసేదీ వాళ్ళే. నా పేరు ఏళ్ళ తరబడి పైన ఉండేది. దాన్ని చూసి ఎంత మురిసిపోయానో.
రోజుకి ఎన్నిసార్లు ఒగ్గేస్తున్నారని అడిగాడు. ఏం చెప్పను? తెలిస్తే కదా. అలా పరుగులో ఉండగా తీసి వేసి, తీసి వేసి గేర్ బాక్స్ లోపలి పలకలు సగం అరిగాయట. ఇప్పుడు కొత్త నూనె, ఏదో సర్దుబాటు. ఈ అలవాటు మానితే కొన్నాళ్ళు ఆడుతుంది. ఎన్నాళ్ళు అంటే చెప్పలేనన్నాడు.
షెడ్డులో పని అయ్యాక, అమ్మగారి తప్పేటీ నేదని సెప్పండి అన్నాడు. సరే అన్నాను.

నవంబర్ 28
చెప్పలేదు. పల్లం వచ్చినప్పుడల్లా ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని నడిపాను. రెండుసార్లు అది బయటికి వచ్చేసింది. సిగ్గుగా ఉంది, నా చేతికి నేనే కాపలా.

నవంబర్ 29
అన్నం తింటూ మొదలుపెట్టాను. "ఆ సింహాచలం ఏమన్నాడంటే..." గౌరి తలెత్తింది. నూనె మారిస్తే చాలన్నాడు అని ముగించాను. పిరికివాణ్ణి. ఇరవై ఆరేళ్ళ పేరు నా భార్య ముందు పోతుందని భయం. ఎవరికి కావాలి ఆ పేరు?

డిసెంబర్ 1
పరీక్ష ఎల్లుండి. రేపు చెప్తాను. రేపు తప్పకుండా.

డిసెంబర్ 2
బండి కడుగుతుంటే గౌరి బయటికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "రేపు పాడేరు ఎల్లనండి" అంది. "ఒగ్గేసినాను. నా సేతిలో ఏదో లోపముంది. మీకున్నది ఈ బండొకటే, దాన్ని నాను పాడు సేయలేను."
నోరు తెరిచాను. బకెట్‌లో నీళ్ళు అయిపోయాయి, ఇంకో బకెట్ తెమ్మన్నాను. తెచ్చింది.

డిసెంబర్ 3
బొర్రా బేరం. పది గంటలకి గుహల బయట కూర్చున్నాను. ఇప్పుడు గౌరి పాడేరులో ఉండాల్సింది. మంచి చెయ్యి ఆమెది. మొదటి రోజే తెలిసింది — బండి ఆపితే ఒళ్ళోని పసిపాపని దించినట్టు ఆపింది. ఆ రోజు లోపల్లోపల అసూయ పడ్డాను కూడా. పైకి పొగిడింది లేదు.

డిసెంబర్ 4
కుడి పాదం మధ్యాహ్నం దాకా తిమ్మిరి. పెడల్ తగులుతోందో లేదో వంగి చూసుకున్నాను. బేరం ఒకటి వదిలేశాను.

డిసెంబర్ 6
ఆరు రోజులైంది, ఒక్కసారి కూడా న్యూట్రల్ వేయలేదు. ఒక్క కుదుపు లేదు. ఎక్కడ ఆపినా మెత్తగా ఆగుతోంది.
సాయంత్రం గౌరిని సంతకి తీసుకెళ్ళాను. దారిలో నాలుగైదు చోట్ల ఆపాల్సి వచ్చింది. ఆమె సీటు అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది, ఇప్పుడు కొడుతుందా, ఇప్పుడు కొడుతుందా అని. కొట్టలేదు. సంత దగ్గర దిగుతూ నా వైపు చూసి నవ్వింది. ఈ నెల రోజుల్లో మొదటిసారి నవ్వింది.
"సూసినారా? నాను ఒగ్గేసినాక ఎంత బాగైపోనాదో."
సంచి తీసుకుని సోళ్ళ గింజలు అమ్మే వాళ్ళ వైపు వెళ్ళింది. నేను బండిలోనే ఉన్నాను. తిరిగి రాగానే చెప్పాలనుకున్నాను... వచ్చింది. డిక్కీ తెరిచి సంచి లోపల పెట్టాను, ఇంటికి వచ్చేశాం.