పెద్దమ్మ ఇంట్లో ఎర్రగడ్డలు

1946 జనవరి 12
కాలేజీ కిటికీలో నీళ్ళగ్లాసుల మీద పెట్టిన ఎర్రగడ్డలు మళ్ళీ మాయం. వేళ్ళు ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి. అటెండరు మునెయ్యను అడిగితే, ప్రిన్సిపాలుగారింట్లో సాంబారుకు తక్కువయ్యాయట... నా పరిశోధన సాంబారులో కలిసింది. వేళ్ళకు వేసే విషపు మందు ఇంకా వేయలేదు, అదే వాళ్ళ అదృష్టం.

జనవరి 13
ఈసారి కొత్త గడ్డలు ఇంటికే తెచ్చాను. ఎర్రగడ్డ గుమ్మం దాటని ఇల్లు. అమ్మ పోయినప్పటి నుంచి నేనుండేది ఇక్కడే, అమ్మకు అక్క, పెద్దమ్మ దగ్గర, ఆమె మడికీ స్నానాలకీ నడుమ. గ్లాసులు బొగ్గుల గదిలో, గోనెపట్టా కింద. దొంగసారా కాస్తున్నట్టుంది.

జనవరి 16
దొరికిపోయాను. ఉల్లి వాసన.
పెద్దమ్మ అరవలేదు. తలస్నానం చేసి వచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. తినడానికి కాదన్నాను. తినడానికి కాకపోతే ఎర్రగడ్డ ఎందుకంటుంది. వేరు కొనలో కణాలు చీలేటప్పుడు లోపల దారాల్లాంటివి కనబడతాయి, క్రోమోజోములంటారు, అవి లెక్కపెట్టడం నా పని అని చెప్పాను. జీతమిచ్చి మరీ లెక్కపెట్టిస్తున్నారా అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.
తీర్పు — పెరట్లో, నిమ్మచెట్టు అవతల. ముట్టుకున్నప్పుడల్లా స్నానం.

జనవరి 17
జలుబు.

జనవరి 24
మందు పనిచేసింది. వేరు కొన ఉబ్బింది, బుల్లి కంతిలా. మైక్రోస్కోపు కింద — పదహారు దారాలుండాల్సిన చోట ముప్పైరెండు. కణం చీలలేదు, దారాలు మాత్రం రెట్టింపు. మనిషి ఒంట్లో లేచే కంతిలోనూ ఇలాగే లెక్క తప్పుతుందా... అదే నేను తేల్చుకోవాల్సింది. ఈ స్లైడు చూస్తే మద్రాసు ప్రొఫెసరు నన్ను తన దగ్గర పరిశోధనకు చేర్చుకోక తప్పదు.
గంతేయబోయి స్టూలు పడేశాను. మునెయ్య వచ్చి, ఏమైనా కరిచిందా అని అడిగాడు.

జనవరి 25
అన్నం తింటూ నోరుజారి కంతి సంగతి చెప్పాను. పెద్దమ్మ గరిటె ఆగింది. పప్పులో మజ్జిగ పోసింది.

జనవరి 27
సెలవు. పెద్దమ్మ తనే కాలేజీకి వస్తానంది. స్టూలు మీద నీళ్ళు చల్లి కూర్చుంది. ఒక కన్ను చేత్తో మూసుకుని, చాలాసేపు —
"పురికొస ముక్కల మాదిరి ఉండాయి గదే."
తర్వాత, తల ఎత్తకుండానే:
"మీ అవ్వ రాచపుండుతో పాయ. మీ అమ్మా అట్లే పాయ. ఇది ఇంటి వరసగా వచ్చేదా, అమ్మణ్ణీ?"
నాకు పాఠం చెప్పే గొంతు వచ్చేసింది. క్యాన్సరు కొన్ని జాతుల ఎలుకల్లో తరతరానా వస్తుందనీ, మనుషుల్లో ఇంకా తేలలేదనీ...
"ఎలకల సంగతి ఎందుకులే. నాకొచ్చి ఏడాదయింది."

ఫిబ్రవరి 2
పెద్దమ్మను తీసుకుని మద్రాసు. ఆస్పత్రి గంజిలో ఎర్రగడ్డ పడిందేమో వాసన చూడమంది. ఆ పనికి నాకన్నా తగినవాళ్ళు లేరట. చూశాను. పడింది. తాగినట్టు నటించి కిటికీలోంచి పారబోసింది. కింద ఎవరో అరవంలో తిట్టారు.
డాక్టరు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగాడు. చెప్పాను. రాసుకుంటున్నవాడు తలెత్తి పెద్దమ్మను కాదు, నన్ను చూశాడు.

ఫిబ్రవరి 4
ప్రొఫెసరుకు స్లైడు నచ్చింది. జూన్‌లో చేరమన్నారు. ఎర్రగడ్డ తర్వాత ఏం చేస్తావన్నారు. మనిషి కంతి అన్నాను. మనిషికి నలభై ఎనిమిది క్రోమోజోములని ఇప్పటికి లెక్క గానీ ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి ఉంటాయి, కళ్ళు పోతాయి, వద్దన్నారు.
చేరతాను, వద్దన్నా అదే చూస్తాను.

ఫిబ్రవరి 5
పరీక్షకు పెద్దమ్మ కంతిలోంచి చిన్న ముక్క కోశారు. మూడు రోజులుగా డాక్టరు ముందు కొంగు చాటు చేసుకున్న మనిషి, నేరుగా ఆయనతో —
"దాంట్లో సగం మా బిడ్డకియ్యండి సామీ. ఎవరో సూసేదానికంటే మా పిల్ల సూస్తే మేలు."
డాక్టరు నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఇచ్చాడు, సీసాలో, స్పిరిట్ పోసి.
ప్రొఫెసరు చెప్పిన కుప్ప సంగతి ఆమెకు చెప్పలేదు.

ఫిబ్రవరి 8
తిరుపతిలో ఇంటికి వచ్చేశాం. ఆస్పత్రి నుంచి ఇంకా ఏ కబురూ లేదు. పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే, ఈ పొద్దు సూస్తావా అంది పెద్దమ్మ. చూస్తానన్నాను.
ముక్క గోరంత ఉంది. గాజుపలక తుడిచాను. మళ్ళీ తుడిచాను, సీసా మూత తీయకుండానే...