తల లేని పుస్తకాలు

1977

అక్టోబరు 27, గురువారం. రువీ, గల్ఫ్.

పొద్దుటి నుంచి కవర్లు చింపుతున్నా. వేళ్ళ నిండా రంగు. వచ్చే శుక్రవారం చిన్న పుస్తకాల షాపుల వాళ్ళ మీటింగ్ - ఏడాదికి ఒక్కసారి. అమ్ముడుపోని వీక్లీల కవర్లు కట్టలు కట్టుకుని వెళ్ళాలి. బొంబాయి నుంచి అందరికీ సరుకు తెప్పించే సేఠ్ ఆ కట్టలు తీసుకుని, ఆ పుస్తకాలు వాపసు వచ్చినట్టు రాసుకుంటాడు. కవరు తల. మిగిలింది మొండెం. మొండేన్ని ఎవరూ చదవకుండా చింపి పారేయాలి, అదీ షరతు.

తల చింపడానికి చేతులొస్తాయి. మొండెం చింపడానికి రావు. ఎందుకో నాకే తెలీదు. చదవని అక్షరాన్ని చింపడం... ఛీ, పెద్ద మాటలు.

సాయంత్రం మల్లేశం వచ్చాడు. బిల్డింగు కూలీ, వాళ్ళ సైట్ ఇక్కడికి చాలా దూరం, బహ్లాలో. సిమెంటు లారీ రువీకి వచ్చినప్పుడల్లా దానిమీద వస్తాడు. "అన్నా, తల లేనియి ఏమన్న ఉన్నయా?" ఇచ్చేశా. కూలీలుండే వాళ్ళ రూమ్‌లో చదువొచ్చినవాడు అతనొక్కడే. డ్యూటీ అయ్యాక పైకి చదువుతాడట, మిగతావాళ్ళు వింటారట. సీరియల్లో తప్పిపోయిన పిల్ల కోసం రూమ్ అంతా బెంగ పెట్టుకుంది. పోయిన వారం సంచిక నేనొకటి దాచుకున్నా, మిగిలినవన్నీ ఇచ్చేశా.

అక్టోబరు 30, ఆదివారం

అర్బాబ్ వచ్చాడు, నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని. షాపు ఆయన పేరునే కదా, కుర్చీలో కూర్చుని అలమరాల్ని చూశాడు. "కాసెట్ పెడదాం. కాసెట్ మంచి వ్యాపారం." తల ఊపాను. ఊపక ఏం చేస్తాను.

నవంబరు 1, మంగళవారం

బసప్పతో గొడవ. పక్క షాపే, బళ్ళారి మనిషి, కన్నడ పుస్తకాలు అమ్ముతాడు. తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడతాడు. తన మొండేల్ని వెనక సందులో నూనె డ్రమ్ములో వేసి కాలుస్తున్నాడు, పొగంతా నా షాపులోకే.

"నువ్వు కాల్చవేం?" అన్నాడు.

"నా ఇష్టంప్పా."

"పంచుతున్నావని నాకు తెల్సు. సేఠ్‌కి తెలిస్తే నీ ఒక్కనికే కాదు, అందరికీ వాపసు బంద్ చేస్తాడు."

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఇంకా ఏదో అన్నాను, రాయను. మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది. కోపం ఎందుకంటే అతను చెప్పింది నిజం.

నవంబరు 2

యూసుఫ్ భాయ్ మత్రా నుంచి వచ్చాడు. ఉర్దూ పుస్తకాల షాపు ఆయనది. హైదరాబాదీ, మా అందరికీ పెద్ద. చాయ్ ముట్టలేదు.

"మియా, సేఠ్ కా ఆద్మీ, సేఠ్ మనిషి, బహ్లా పోయిండు. అక్కడ హోటల్లో సైట్ కూలోడు ఒకడు కవర్ లేని వీక్లీ చదువుతుంటే గుంజుకొచ్చిండంట."

ఏ భాష అన్నాను.

"మద్రాసీ అంటుండు. వాళ్ళకు అన్నీ మద్రాసీయే. గుండ్రంగ ఉన్నయంట అచ్చరాలు."

గుండ్రటి అక్షరాలు. అంటే నేను, లేదా బసప్ప. బసప్పవి డ్రమ్ములో బూడిద. ఇక మిగిలిందెవరు?

నవంబరు 3

భయంగా ఉంది. వాపసు ఆగితే అమ్ముడుపోని ప్రతి పుస్తకం నా నెత్తినే. షాపు రెండు నెలలు కూడా నడవదు. అర్బాబ్ కాసెట్లు పెడతాడు, కాసెట్లకి నేనెందుకు? నా వీసా ఈ షాపుతోనే ముడిపడి ఉంది.

అన్నం సయించలేదు.

నవంబరు 4, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక మత్రాలో, హోటల్ మీది గదిలో మీటింగ్. బిర్యానీ. ఏటా ఉండే నవ్వులు లేవు. అందరికీ తెలుసు, ఎవరూ నా వైపు చూడరు. బిర్యానీ పళ్ళెం మాత్రం మర్యాదగా నా వైపే జరుపుతారు.

తర్వాత ఒట్టు. ఎవరి కట్ట మీద వాళ్ళు చెయ్యి పెట్టి "సబ్ ఫాడ్ దియా" అనాలి. అన్నీ చింపేశానని. నా వంతు వచ్చింది. చెయ్యి పెట్టాను. అన్నాను.

అప్పుడు తీశాడు సేఠ్ - సంచిలోంచి, మొండెం. మూలలు నలిగిపోయి, ఒక పేజీ మీద చాయ్ మరక. మన వీక్లీయే. మల్లేశానికి ఇచ్చిన ఆ సంచికే. దూరం నుంచే గుర్తుపట్టాను, సీరియల్ బొమ్మ దగ్గర తెరిచి ఉంది.

"యే కౌన్‌సీ భాషా హై?"

ఇది ఏ భాష అని.

"ఎవరిదో చెప్పకపోతే అందరికీ వాపసు బంద్" అన్నాడు. హిందీలో, మెల్లగా. ఆ మెల్లదనమే భయం. నోరు తెరవాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నా కట్ట తాడు సర్దుకుంటూ కూర్చున్నాను.

బసప్ప లేచాడు. పుస్తకం అందుకుని రెండు లైన్లు చూశాడు. "హమారా హై సేఠ్‌జీ. కన్నడ." తనదేనట. చదివి కూడా వినిపించాడు - తెలుగు అక్షరాల మీద కళ్ళు పెట్టి, నోటితో కన్నడం! వాపసుది కాదు, డబ్బులిచ్చి కొన్నదే అన్నాడు. కవరు మీద హీరోయిన్ బొమ్మ ఉంటే కూలివాళ్ళు చింపి గోడకు అంటించుకుంటారు, అంతే సేఠ్‌జీ అన్నాడు.

సేఠ్ మొండేన్ని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "అయితే గోడ మీద ఉంటుంది. రేపు వెళ్ళి చూద్దాం. తుమ్ దోనోఁ చలో." గుండ్రటి అక్షరాలవాళ్ళం మేమిద్దరమే కదా, ఇద్దర్నీ రమ్మన్నాడు. గోడ మీద లేకపోతే బసప్పకి వాపసు ఉండదు. ఆ మాట కూడా మెల్లగానే అన్నాడు.

మెట్లు దిగుతూ బసప్పని అడిగాను, ఎందుకు చేసినావప్పా అని.

"నీ కోసం కాదు. అందరికీ బంద్ అయితే నేనూ పోతా." చెప్పులేసుకున్నాడు. "నీ మొగం చూసినా. నువ్వు చెప్పేటట్టు లేవు."

ఈ మాట ఇంకా తగులుతూనే ఉంది.

అదే రోజు, సాయంత్రం

మల్లేశం రూమ్‌కి నేను ఒక్క కవరు కూడా ఇవ్వలేదు. గోడ మీద ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను దాచుకున్న అదే సంచిక ఉంది. దాని కవరు చింపాను, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. హీరోయిన్ ముఖం మీదుగానే మడత పడింది.

నవంబరు 5, శనివారం. సమాయిల్, బహ్లా దారిలో.

సేఠ్ కారు. పెట్రోలు కోసం ఆగాం. ఆయన ఖర్జూరాలు కొన్నాడు, మాకూ పెట్టాడు. తిన్నాం. సేఠ్ పెట్రోలు డబ్బులు కట్టడానికి వెళ్ళాడు. బసప్పకి జేబులోది చూపించాను. కళ్ళు మూసుకుని తెరిచాడు. "అంటించేదెవరు?" అన్నాడు.

బహ్లా.

కారులో కూర్చుని రాస్తున్నా. చేతికి ఏదో ఒక పని ఉండాలి.

సైట్ గేటు దగ్గర దిగామో లేదో మల్లేశం చూశాడు. ఒంటినిండా సిమెంటు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, గింత దూరం మీరే వచ్చిన్రా? తల లేని పుస్తకం తెచ్చినవా?"

ఏమంటున్నాడని సేఠ్ ఇటు తిరిగాడు. "క్యా బోల్ రహా హై?"

"హాల్‌చాల్ పూఛ్ రహా హై" - బాగోగులు అడుగుతున్నాడని బసప్ప, నాకంటే ముందే.

సేఠ్ బసప్పని చూడలేదు. నన్నే చూశాడు. "తుమ్ బోలో." నువ్వు చెప్పు అని.

నీళ్ళు తాగి చెప్తానన్నాను. సిగ్గులేని జవాబు. సరేనని సేఠ్ రూములు చూడ్డానికి పర్మిషన్ అడగడానికి కంపెనీ ఆఫీసులోకి వెళ్ళాడు. వచ్చాక నేను చెప్పాలి.

"ఇయ్యి, తొందరగా ఇయ్యి" అంటున్నాడు బసప్ప, కారు కిటికీలోకి వంగి. రూమ్‌లో గంజి ఉంటుంది, అంటించడానికి ఎంతసేపు. మల్లేశానికి ఒక్క మాట చెప్తే చాలు, అతను కూడా అబద్ధం ఆడతాడు. నేనంటే గౌరవం కాబట్టి ఆడతాడు. అదే కష్టంగా ఉంది. అబద్ధమాడి నన్ను కాపాడినవాడి పక్కన నేను, వద్దన్న పని చేసింది నేను, ఇప్పుడు మూడోవాణ్ణి కూడా...

ఇచ్చాను. ఏం చెప్పాలో తెలీక, కిటికీలోంచి ఊరికే మల్లేశం చేతిలో పెట్టాను.

మల్లేశం మడత విప్పాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

"గిదేనా అన్నా? గిట్లుంటదా దీని మొకం?"

అవునన్నాను.

"గిన్నొద్దుల సంది చదువుతున్న. ఒక్కసారన్న చూడకపోతి."

బసప్ప ఏదో చెప్పబోయాడు. ఈలోపే మల్లేశం రూముల వైపు తిరిగి కేక వేశాడు - అరే, రాండ్రి, మన పుస్తకం మొకం చూద్దురు రాండ్రి అని. ఒకడొచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు, తడి చేతులతో. వాళ్ళకి కనిపించేలా కవరుని రెండు చేతులా తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. ఎండ పడి హీరోయిన్ ముఖం మెరుస్తోంది. అందరూ దాన్నే చూస్తున్నారు, నవ్వుతున్నారు.

గోడ మీద ఉండాల్సింది చేతుల్లో ఉంది, దించమని చెప్పాలి. చెప్పలేకపోతున్నా.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. సేఠ్ ఇటే వస్తున్నాడు.