హనుమంతప్ప ఇంజన్‌లో చప్పుడు

యాడికి ఊరి నుంచి,
ఆదివారం.

నా బంగారు తల్లి సునందకు నాయన దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, బర్రె, షెడ్డు అంతా క్షేమం. ఒక్క వానకే ఒంట్లో బాగాలేనట్టుంది, ఇటువైపు రావడం మానేసింది. నువ్వు హాస్టల్లో వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఈ ఇంజన్ల చదువు నీకు వద్దని, టీసీ తీసుకుని వచ్చేస్తానని రాశావు. ఈ ఉత్తరం చివరిదాకా చదవనిదే ఆఫీసు గడప తొక్కావంటే నా మీద ఒట్టే. నువ్వు ఫోన్ చేస్తే రెండు మాటలకే అమ్మకు ఇచ్చేస్తానని అలిగావు కదా, దానికీ జవాబు చెబుతాను. ముందు మీ సారు ప్రశ్న సంగతి చూద్దాం. స్ట్రోకు, అంటే పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం, పెంచితే బలం పెరుగుతుందా అని అడిగితే తల వంచుకు కూర్చున్నావట! ఆయిలింజన్ల మధ్య పాకిన పిల్లవి, నువ్వు తల వంచుతావా?

అమ్మ రాగులు విసిరే తిరగలి గుర్తు తెచ్చుకో. పిడి నడిమికి దగ్గరుంటే రెక్కలు పడిపోతాయి. అంచున ఉంటే అదే చేత్తో రాయి సులువుగా కదులుతుంది, కానీ చెయ్యి పెద్ద చుట్టు తిరగాలి, గబగబా తిప్పలేవు. పొడుగు స్ట్రోకు కూడా అంతే. లాగుడు ఎక్కువ, పరుగు తక్కువ. పిస్టన్ ఆడే గొట్టం, అదే బోరు, వెడల్పు చేస్తే గాలీ డీజిలూ ఎక్కువ పట్టి, పిస్టన్ నెత్తిన గట్టిగా తోస్తాయి. మీ పుస్తకాలు లాగుడును టార్క్ అంటాయి. ఆ లాగుడుతో నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందన్నదే పవర్. ఇక పిస్టన్‌ను క్రాంకు ఇరుసుకు కలిపే రాడ్డు బలాన్ని పుట్టించదు, మోస్తుంది. పొట్టిదైతే ఎక్కువగా పక్కకు వాలి పిస్టన్‌ను గోడకేసి రుద్దుతుంది. పొడుగుది నిటారుగా తోస్తుంది. మరీ పొడుగైతే పిస్టన్ పోయి పైమూతకు, అంటే హెడ్డుకు, కొట్టుకుంటుంది.

ఇక్కడిదాకా రాసి లేచిపోయాను. మీ అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "నీకు మర్యాద ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా? రాయి," అంది.

దసరా సెలవుల్లో మన ఊరి రైతు హనుమంతప్ప ఇంజన్ మనిద్దరమే రిపేరు చేశాం. కుంటలో నీళ్లు మిట్టమీది అతని శెనక్కాయ చేనికి ఎక్కాలని పొడుగు స్ట్రోకు క్రాంకు వేశాం. రాడ్డు కొలత నువ్వే తీశావు. నువ్వు హాస్టల్‌కు పోయిన నాలుగో రోజు రాడ్డు విరిగి ఇంజన్ పక్క పగిలింది. కాయ ఊరే వేళ ఆ చేనికి తడి అందలేదు. నీ కొలత తప్పిందేమోనని నువ్వు నెలరోజులుగా కుమిలిపోతున్నావు. తప్పెక్కడుందో తెలిసి కూడా నేను దాచాను.

నీ కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు తల్లీ. విప్పి చూస్తే, పిస్టన్ ఆడే గొట్టాన్ని, మన బ్యారెల్‌ను, ఎత్తి పెట్టే పల్చటి ప్యాకింగ్‌లు కింద రెండు పెట్టాల్సిన చోట నేను ఒకటే పెట్టాను. పిస్టన్ హెడ్డుకు తగులుతూనే ఉంది. ఆ రోజు స్టార్ట్ చేయగానే నువ్వు నా భుజం తట్టి, గట్టిగా అరిచి చెప్పావు, నీ పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "నాయనా, లోపల టక్కుటక్కుమంటాండాది, ఆపు!" నేను నవ్వి, "కొత్త పని అట్లే అంటాదిలేమ్మా" అన్నాను.

నాకు ఆ చప్పుడు వినబడలేదు సునందా. కుక్కర్ కూత వినబడి కూడా ఏడాదిన్నరైంది. ముప్పై ఏళ్ల ఇంజన్ల మోత చెవులు తినేసింది. అందుకే ఫోన్ అమ్మకిస్తాను. అందులో నీ గొంతు నాకు గాలి వీచినట్టు వినిపిస్తుంది, మాటలు వినిపించవు. షెడ్డులో ఎవరూ లేనప్పుడు స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి పళ్లతో కరిచి పట్టుకుని అదురు చూసుకుంటాను. ఆ రోజు నీ ముందు, హనుమంతప్ప ముందు ఆ పని చేయడానికి సిగ్గుపడ్డాను. నా సిగ్గుకు నువ్వు చదువు వదులుకోవద్దు.

నిన్న హనుమంతప్ప ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను, "ఏమప్పా కుళ్ళాయప్పా, చెవులు పోయినాయని చెప్పుకుంటే నీ మొగతనం పోతాండెనా? పాప చెప్పినప్పుడే ఆపింటే నా చేను దక్కుతాండె" అన్నాడు. నేను లేచేటప్పుడు, "మళ్లా చెయ్యి. పాప వచ్చి వినినాకే తీసుకపోతా" అన్నాడు.

వేరే ఇంజన్ దొరికింది. రాడ్డు వేశాను, ఈసారి ప్యాకింగ్‌లు రెండూ పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. స్టార్ట్ మాత్రం చేయలేదు. రెండో శనివారం సెలవుకు రా. హ్యాండిల్ నేను తిప్పుతాను, నువ్వు పక్కన నిలబడి విను. అరవొద్దు, నాకు వినబడదు. నీ చేతినే చూస్తుంటాను.

ఇట్లు,
ఈసారి నువ్వు చెయ్యెత్తగానే ఆపే
మీ నాయన.