కంచం తోసేసి వచ్చేశాను

2005 మార్చి 3
ఒళ్లు మండిపోతోంది. అమ్మేస్తారట! ఉమ్మడి పొలం, ఉమ్మడి వంటిల్లు, మేమంతా ఉంటున్న ఇళ్లు... అన్నీ నేవన్ టౌన్‌లోని ఒక బిల్డర్‌కి. భోజనాల దగ్గర, ఈ ఏడు మీటింగులు నడిపే కెవిన్ తాపీగా అన్నాడు, "అందరికీ గ్రాండేగా?" అంటే సమ్మతమేగా అని. శేఖర్ తలూపాడు. నా మొగుడు! కంచం తోసేసి వచ్చేశాను.

మార్చి 4
ఒక్కరూ రాలేదు. రెండు ముద్దలు తినమని ఒక్కరూ అనలేదు. మా పుట్టింట్లో ఎవరైనా అలిగి లేచిపోతే అందరి చేతులూ ఆగిపోయేవి. పెద్దమ్మ వచ్చి గడ్డం పట్టుకునేది. తేలేదాకా ఆ మాట అక్కడే ఆగేది.
ఇక్కడ తీర్మానం అయిపోయిందట. "బల్ల దగ్గర ఉన్నవాళ్లదే మాట. తెలియదా?" అంటాడు కెవిన్. తెలుసు. మొదటి నుంచీ అదే రూలు. కోపంలో రూళ్లు ఎవడికి గుర్తుంటాయి!

మార్చి 6
నిన్నగాక మొన్న చేరాడు కెవిన్. వాడికేం తెలుసు? నోరా పడుచుతనంలో ఇజ్రాయెల్ సరిహద్దున ఒక చిన్న కిబుట్జ్‌లో పనిచేసింది. అందరిదీ ఒకే పొలం, ఒకే వంట. తిరిగొచ్చి, నలుగురిని పోగేసి, ఇక్కడ, ఈ దేశపు ఉత్తర సరిహద్దు పక్కన ఈ రాళ్ల నేల పట్టింది. రాళ్లు ఏరారు. ఆవుల్ని పెట్టారు. చెక్‌పోస్టులో సైనికులు పాల క్యాన్ల మూతలు కూడా తీసి చూసేవారట. నెత్తిన హెలికాప్టర్లు. అప్పుడు ఈ నేల ఎవరికీ అక్కర్లేదు. తుపాకులు పోయి రోడ్డు పడేసరికి అందరికీ ముద్దొచ్చింది. థూ! శేఖర్‌కి కూడా.

మార్చి 7
"ఎన్నాళ్లని ఊరందరి అంట్లు తోముతావే? నేవన్‌లో మనకంటూ ఓ ఇల్లుంటది." — శేఖర్.
పాప పుట్టాక నేను మంచం పడితే ఎవరు చూశారు? వీళ్లే. వంతులేసుకుని ఎత్తుకున్నారు. మర్చిపోయాడు. మాట్లాడటం మానేశాను.

మార్చి 9
పాలు పితుకుతూ నోరా అంది: "ఇద్దరు వద్దంటే అమ్మకం ఆగేది. నీ గొంతు కోసం చూశాను. నీ కుర్చీ ఖాళీ. ఒక్కదాన్నే అనలేకపోయాను."
"వచ్చి పిలవొచ్చుగా!" అరిచాను.
"కోపంలో ఉన్నవాళ్లని వదిలేయడమే మర్యాదనుకున్నా."
మర్యాదట! ఆ మర్యాద తగలెయ్య... ఏడుపొచ్చింది. ఆమెకీ వచ్చింది.

మార్చి 10
సంతకాలకి గడువు రేపే. నోరా ఇంకా పెట్టలేదు. మళ్లీ అందర్నీ కూర్చోబెట్టాలంటే కెవిన్‌ని నేనే అడగాలి. వాడిని బతిమాలాలి! నన్నెవరైనా బతిమాలారా?
వాడింట్లో దీపం కనబడుతోంది. బూట్లు వేసుకునే కూర్చున్నాను.