గాలిమిట్టను ఎవరూ తవ్వరాదు

ఫ్రెంచివారి పుదుచ్చేరి పట్నంలో కాపురముంటున్న, కీర్తిశేషులు సుబ్బరాయలు నాయుడుగారి భార్య పంకజవల్లి అనే నేను రాయించిన వీలునామా. నాకు కాళ్లు పడిపోయాయి గాని మతి పడిపోలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. చదువు రాదు గనుక నోటరీగారి ఎదుట చెప్పి రాయిస్తున్నాను.

1. మాగాణి, పట్నంలో ఇల్లు నా కుమారుడు రంగరాజన్‌కు, దాన విక్రయాది సర్వహక్కులతో.

2. నా గాజుల జత కోడలు మంగళానికి. నా నోటిని ఇన్నేళ్లు భరించింది, పాపం.

3. కాలాపేటలో చేపలమ్మే మణియమ్మకు పాడిగేదె, దూడతో సహా. పెద్దగాలి తుఫాను నాడు నా జుట్టు పట్టి గాలిమిట్ట మీదికి ఈడ్చింది ఆమే. అప్పుడు రంగరాజన్ నా చంకలో ఉన్నాడు.

4. మరిది గోవిందస్వామికి ఏమీ లేదు. ఆ పెద్దగాలికి ముందటేడు ఒక తుఫాను మా కాలాపేట ఇంటిని తీసింది. కట్టుకున్నాం. మరుసటి కార్తీకంలో మబ్బు చూసి మిట్టెక్కుదామన్నాను. "ఒగసారి తిన్న సముద్రం మళ్లా ఏడాదే యాడొస్తాది వదినా, అన్నం పెట్టు" అన్నాడు. మా ఆయన నవ్వి ఆకు ముందు కూర్చున్నారు. ఆ పూటే సముద్రం పల్లె మీద పడింది. ఆయనవీ, నా ఇద్దరాడపిల్లలవీ శవాలైనా దొరకలేదు. మరిది తాటిచెట్టు పట్టుకుని బతికాడు. చెడ్డవాడు కాడు. అయినా క్షమించలేను.

5. పుట్టింటివారు కొని నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన కాలాపేట గాలిమిట్ట, తుఫానుకు పల్లెంతా ఎక్కే దిబ్బ, ఒక్కరి సొత్తు కారాదు, పల్లెకంతా ఉమ్మడి. ఆ పల్లెకొచ్చే ప్రతి కొత్తకోడలూ అత్తగారింటి గడప తొక్కకముందు దాని మీద గంపెడు మన్ను పోస్తుంది. నేనూ పోశాను. రంగరాజన్ దాన్ని చదును చేసి బంగళా కడతాడట. "గాలంతా ఇప్పుడు బందరు పక్క పోతా ఉండాదమ్మా, నాకు బుద్ధి తెలిసినాక ఒగటన్నా వచ్చిందా?" అంటాడు. ఒరే, మీ నాయన్ను కన్న తాతా అదే అన్నాడు. ఆయన బతికినన్నాళ్లూ సముద్రం ఊరికే ఉంది. ఆయన పోయాక వరసగా రెండేళ్లు వచ్చింది. తర్వాత నీ మీసం నెరిసినా ఇంకా రాలేదు. దానికి వంతు లేదు, వాయిదా లేదు. రాని ఏళ్లను చూసి ధైర్యం తెచ్చుకోవడమే మన ఇంటికి పట్టిన రోగం.

6. ఇది జరిపించే భారం నా తమ్ముడి కొడుకు తిరుమలైది. మనలో కాల్చడం ఆచారం. నన్ను కాల్చవద్దు. గాలిమిట్ట నెత్తిన, బంగళాకు ముగ్గు పోసిన చోటనే పాతిపెట్టాలి. రంగరాజన్ గునపం వేస్తే అది ముందు తల్లి ఎముకలకు తగలాలి.

1913 అక్టోబరు 9, పుదుచ్చేరి.

చదివి వినిపించగా ఒప్పుకుని వేసిన ఎడమ బొటనవేలి ముద్ర: పంకజవల్లి

సాక్షులు: అళగేశన్, త్యాగరాజన్