పొగ లేని స్నానం

మే 12

ఫోన్‌లో ఈ మెసేజ్ గ్రూపులో నేనొక్కణ్ణే ఉన్నాను. నా దోస్తు శామ్సన్‌తో కలిసి పెట్టాం, వాడు లెఫ్ట్ అయిపోయాడు. పర్లేదు. ఎవరూ చదవరు కాబట్టి అన్నీ చెప్పొచ్చు. ఎనిమిదితో బడి మానేశాను, అదీ హిందీ మీడియం. తెలుగు మాట్లాడ్డమే వచ్చు, రాయడం రాదు. అందుకే మైక్ నొక్కి మెల్లగా చెప్తున్నాను, ఫోనే రాసుకుంటోంది.

నాకు పదిహేడేళ్ళు. నా చెల్లెలికి రెండు నెలలు. పక్కనున్న జంగ్లీఘాట్‌లో కుర్రాళ్ళు చెల్లా, కూతురా అని అడుగుతారు. అందుకే మొదట్లో దాన్ని ఎత్తుకుని బయటికి వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తున్నాను, సందు చివరి దాకా.

పేరు లక్ష్మీకుమారి. మేం కుమారి అంటాం. డౌన్ సిండ్రోమ్ అని పుట్టిన వారానికే చెప్పారు. ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టుంటుంది. అన్నీ లేటుగా వస్తాయి, కానీ వస్తాయి అంది డాక్టర్ దీదీ. ఆ మాటకి అమ్మ తల ఊపింది. గుండెలో పెద్ద కన్నం ఉందన్నప్పుడు మాత్రం కూర్చుండిపోయింది. మా దీవిలో కుదరదు, సముద్రం దాటి చెన్నైలో ఆపరేషన్ చెయ్యాలట. ఐదు కిలోల బరువు రావాలి, ఛాతీలో జలుబు ఉండకూడదు. అప్పటిదాకా చెయ్యరు.

ఇందాక కుమారి ఏడుస్తుంటే మైక్ నోటి దగ్గర పెట్టాను. ఫోన్ ఏమీ రాయలేదు. అంత చిన్న ఏడుపు.

మే 19

సముద్రం బాగోలేదు. నేను చేపల వేటకెళ్ళే రాజబాబన్న డుంగీ పడవ ఒడ్డు మీదే ఉంది, నాకు వేట లేదు. ఇంట్లో నాకు రెండు పనులు.

ఒకటి, పొద్దున్నే కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు చెయ్యడం. నాన్నమ్మ గురువమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద కుమారిని పడుకోబెట్టి, నూనె రాసి నీళ్ళు పోస్తుంది. తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగకి తల ఆరబెడుతుంది. నాన్నకీ నాకూ ఈ చేతులే నీళ్ళు పోశాయి. ఆస్టినాబాద్‌లో మా సందులో పుట్టిన పిల్లలందరికీ ఆవిడే.

రెండోది పాలు. రొమ్ము పట్టి తాగితే కుమారికి ఆయాసం. అమ్మ పాలు పిండి ఇస్తే నేను ఉగ్గుగిన్నెతో పడతాను. ఒక చుక్క, ఆగడం. ఇంకో చుక్క, ఆగడం. గాలం వేసి కూర్చోవడం అలవాటే కదా, అందుకని నాకు చిరాకు రాదు.

మే 27

బరువు పెరగలేదు. ఛాతీలో గురగుర ఉంది. చెన్నై డేట్ ఇప్పుడే ఇవ్వరట.

ఇంట్లో పొగ బిల్కుల్ ఉండకూడదని డాక్టర్ దీదీ హిందీలో చెప్పింది. అందరం నాన్న వైపు చూశాం. నాన్న కన్నారావు, షిప్పులో ఇంజిన్ రూమ్ మనిషి, ఎవరి మాటా వినడు. జేబులోంచి సిగరెట్ల పెట్టె తీసి అక్కడే డస్ట్‌బిన్‌లో పడేశాడు.

జూన్ 2

నాన్న లవంగాలు నములుతూ అందర్నీ తిడుతున్నాడు. కానీ కాల్చలేదు.

జూన్ 9

ఒకటే వాన. కొబ్బరి చిప్పలన్నీ తడిసిపోయాయి, నిప్పు అంటుకోవట్లేదు. నాన్నమ్మ నన్ను తిడుతూ గుడ్డతోనే తల తుడిచేస్తోంది.

కుమారి పాలు మొత్తం తాగేస్తోంది. నిన్న కూడా. మొన్న కూడా.

జూన్ 11

ఎండ వచ్చింది. చిప్పలు ఆరాయి. నిప్పులు చేశాను, పొగ వేశారు.

సాయంత్రానికి దగ్గు. ఉగ్గుగిన్నెలో సగం పాలు మిగిలిపోయాయి. పెదాలు కొంచెం నేరేడు రంగులో ఉన్నాయి.

నాన్న సిగరెట్లు మానేశాక కూడా గురగుర ఎందుకు తగ్గలేదో నాకు తెలిసిపోయింది. సాంబ్రాణిని మేమెవరం పొగ అనుకోలేదు. అది స్నానంలో భాగం అనుకున్నాం. అగ్గి చేసింది నేనే.

నాన్నమ్మకి ఎలా చెప్పాలి. నాకు మాటలే రావు.

జూన్ 12, పొద్దున్న 9

మేడ మీదికొచ్చి చెప్తున్నాను.

అమ్మతో చెప్దామని వంటింట్లోకి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేశాను. ఈలోపు నాన్నమ్మ సాంబ్రాణి తీసింది. కుమారి అప్పటికే ఎగశ్వాసతో ఉంది. చెంబుడు నీళ్ళు తీసుకెళ్ళి నిప్పుల్లో పోసేశాను. చుయ్‌మంది. బూడిద నాన్నమ్మ చీర మీద పడింది.

"ఏట్రా, పిచ్చెక్కిందా నీకు? నీకెన్ని పొగలేస్తే ఇంత దున్నపోతువయ్యావురా!"

అమ్మ పరిగెత్తుకొచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను నేల చూస్తూ అన్నాను.

"ఇదీ పొగే నాన్నమ్మా. డాక్టర్ దీదీ వద్దన్నది ఇది కూడా."

నాన్నమ్మ పిల్లని అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 13

నాన్నమ్మ నీళ్ళు పొయ్యనంది. తన చేతులు పిల్లకి మంచివి కావట. వరండాలో గోడ వైపు తిరిగి పడుకుంది, అన్నం కూడా తినలేదు. అమ్మ పోస్తే కుమారి జారిపోయింది, ఇద్దరూ ఏడ్చారు. నాన్న ఫ్యాన్ తుడిచాడు.

జూన్ 14

నాన్నమ్మ ఆస్పత్రికి రానంది. ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టి, మీటర్ తిరుగుతోందని అబద్ధం చెప్పాను. ఎక్కింది.

డాక్టర్ దీదీని నేనే అడిగాను. మొత్తం హిందీలో, నా నోటితో. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్ట, ఏ పొగైనా వద్దంది. నాన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు దీదీ కుమారి చేతులు లాగి చూసి, మెడ పట్టి చూసి, రోజూ నూనె ఎవరు రాస్తున్నారని అడిగింది. నేను నాన్నమ్మని చూపించాను. ఇలాంటి పిల్లల కండలు వదులుగా ఉంటాయట. ఈ పాపకి మెడ బాగానే నిలబడుతోందట. ఆ రాయడం ఆపొద్దు అంది.

నాన్నమ్మకి హిందీ బాగా వచ్చు. అయినా దారంతా ఆ మాట నాతో తెలుగులో చెప్పించుకుంది.

జూన్ 15

నాన్నమ్మ గ్యాస్ మీద ఉడుకుతున్న అన్నం గిన్నె మూత మీద తువ్వాలు పరిచింది. అది వెచ్చబడ్డాక కుమారి తలకి చుట్టింది. కుమారి చుట్టూ చూసి ఆవలించింది.

ఇంక నాకు నిప్పుల పని లేదు. తువ్వాలు మాడకుండా చూడటం నా పనట.

జూలై 21

ఐదు కిలోలు! ఛాతీ క్లియర్. చెన్నై డేట్ ఇచ్చారు. నాన్న శామ్సన్ వాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్పాడు.

జూలై 30

మూడు రోజులు షిప్పులో వద్దని డాక్టర్ చెప్పింది, అమ్మా నాన్నా కుమారిని ఫ్లైట్‌లో తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళు సముద్రంలో తిరిగిన నాన్న ఎయిర్‌పోర్టులో చెమటలు కక్కాడు. మధ్యలో ఇంజిన్ ఆగితే ఎవరు దిగి చూస్తారని నన్ను అడిగాడు.

నేను, నాన్నమ్మ ఉండిపోయాం.

ఆగస్టు 5, పొద్దున్న 8

కుమారిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారని నాన్న మెసేజ్.

పొద్దున్న 10

నాన్నమ్మ మూత మీద తువ్వాలు పెట్టింది. ఎవరికని అడగబోయి ఆగిపోయాను. వెచ్చబడ్డాక తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుంది. చల్లారాక మళ్ళీ పెట్టింది.

మధ్యాహ్నం 1

ఇంకా లేదు. తువ్వాలు మాడకుండా చూస్తున్నాను.

మధ్యాహ్నం 3

నాన్న ఫోన్ చేశాడు. నేనే అడిగాను. అయిపోయిందా అన్నాను, ఊ అన్నాడు. బాగుందా అన్నాను, ఊ అన్నాడు. నాన్నమ్మ ఫోన్ లాక్కుని, పిల్ల తల తడిగా ఉంచొద్దు, నర్సులకి చెప్పరా అంది.

సెప్టెంబర్ 1

ఇంటికొచ్చారు. ఛాతీ మీద నిలువుగా గీత. గోళ్ళు గులాబీ రంగు. సందు చివర దాటి మెయిన్ రోడ్డు దాకా ఎత్తుకెళ్ళాను. జంగ్లీఘాట్ కుర్రాళ్ళు కనిపించారు. చెల్లెలు అని నేనే ముందు చెప్పేశాను.

అక్టోబర్ 6, పొద్దున్న 9

ఇది నేను చెప్పింది కాదు. స్నానం అయ్యాక తువ్వాలు చుడుతుంటే మైక్ కుమారి నోటి దగ్గర పెట్టాను.

ఆ ఆ ఆ బా ఆ ఆ ఆ ఆ బాబా ఆ ఆ